ఏకగ్రీవం తర్వాత ఎవరిని అడగాలి?

భిలాయ్ ఉక్కు పట్టణంలోని సెక్టర్ 7లో వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. కళ్యాణ్ కళాశాల ఉన్న ఈ సెక్టర్ భిలాయ్ నగర పాలక సంస్థ పరిధిలోనిదే. ఇక్కడి వారికి ఓటుంది, వార్డుంది, కౌన్సిలర్ ఉన్నారు. కానీ క్వార్టర్లు కంపెనీవి, స్థలం కంపెనీది. టౌన్‌షిప్‌లో రోడ్డు, నీళ్లు, మురుగు కాలువ, కరెంటు సంగతులు దశాబ్దాలుగా చూస్తున్నది ఉక్కు కర్మాగారం వారి నగర సేవల విభాగం. ఆ విభాగం అధికారి ఎన్నికలో నిలబడరు. ఎన్నికలో నిలబడే కౌన్సిలర్ చేతిలో ఆ పనులు పెద్దగా ఉండవు. అడగడానికి హక్కున్న మనిషి ఒకరు, పని చేసిపెట్టగల మనిషి ఇంకొకరు.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన నాటి నుంచీ భిలాయ్‌కి తెలుగువారు పని కోసం వస్తూనే ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవారు వీరిలో ఎక్కువ. ఓటు ఇక్కడున్నా ఊరు అక్కడే ఉన్న ఇలాంటి కుటుంబాలకు సర్పంచ్ ఎన్నికల రోజుల్లో సొంతూరి నుంచి వచ్చే కబురు ఒకటుంటుంది: ‘మనూరు ఏకగ్రీవమైపోయింది’. చాలాసార్లు ఆ మాటలో కాస్త గర్వం కూడా ధ్వనిస్తుంది. గొడవలు లేవు, ఖర్చు లేదు, పైగా ప్రభుత్వం నజరానా ఇస్తుంది. ఆ తర్వాతి అయిదేళ్లలో పంచాయతీ డబ్బు ఎటు పోయిందో ఎవరు ఎవరిని అడుగుతారన్నది ఆ పూట ఎవరికీ గుర్తుకు రాదు. సెక్టర్ 7లో ఓటు వేసినా అడిగే దారి ఇరుకుగా ఉంటే, ఏకగ్రీవ గ్రామంలో అసలు ఓటు వేసే సందర్భమే రాదు.

మాటలోనే మెప్పు

‘గ్రీవం’ అంటే మెడ, గొంతు. ఏకగ్రీవం అంటే ఊరంతా ఒకే గొంతుతో పలకడం. అదే సంగతిని ఛత్తీస్‌గఢ్‌లో హిందీలో ‘నిర్విరోధ్’ అంటారు, అంటే వ్యతిరేకత లేనిది అని. ఎన్నికల నిబంధనలకు ఈ రెండు అర్థాలతోనూ పని లేదు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేసరికి ఒక్క స్థానానికి ఒక్కరే మిగిలితే, ఆ ఒక్కరు ఎన్నికైనట్టు రిటర్నింగ్ అధికారి ప్రకటిస్తారు. పార్లమెంటు, శాసనసభ ఎన్నికలకు ఇదే నియమం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 53వ సెక్షన్‌లో ఉంది. పంచాయతీలకు, పురపాలికలకు రాష్ట్రాల చట్టాలు, నియమాలు అదే దారిలో నడుస్తాయి.

ఊరు నిజంగా ఒక్క మాట మీదకు వచ్చిందా, ఎదుటివారిని బెదిరించి కూర్చోబెట్టారా, పోటీకి మనిషి దొరకలేదా అన్నది ఆ ప్రకటన చెప్పదు. నిబంధన లెక్కపెట్టేది నామినేషన్ పత్రాలను మాత్రమే. గొంతులన్నీ ఒకటయ్యాయన్నది మనం దానికి తగిలించిన అర్థం. తెలుగులో ఈ మాటే పొగడ్తలా ఉండటం వల్ల దీని మీద విమర్శ చేసేవారు ఊరి ఐక్యతకు అడ్డుపడుతున్నవారిలా కనిపిస్తారు. ‘పోటీ లేని ఎన్నిక’ అని మామూలుగా చెబితే చర్చ వేరుగా ఉండేది.

నూటికి పదిహేడు

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగాయి. నోటిఫికేషన్ ఇచ్చిన 13,097 పంచాయతీల్లో 2,197 చోట్ల సర్పంచ్ పదవికి పోటీ లేకుండా పోయింది. తెలంగాణలో 2019 జనవరిలో మూడు విడతల్లో ఎన్నికలు జరిగినప్పుడు సుమారు 12,700 పంచాయతీలకుగాను 2,134 ఏకగ్రీవమయ్యాయి. పాలించిన పార్టీలు వేరు, సంవత్సరాలు వేరు, గొడవలు వేరు. రెండు చోట్లా లెక్క మాత్రం నూటికి దాదాపు పదిహేడు దగ్గరే తేలింది. 2025 డిసెంబర్‌లో తెలంగాణలో మళ్లీ ఎన్నికలు జరిగినప్పుడు ఆ సంఖ్య తగ్గింది, అయినా వెయ్యికి పైగా గ్రామాల్లో సర్పంచ్ బ్యాలెట్ అచ్చు కాలేదు.

వీటిలో ప్రభుత్వాల ప్రోత్సాహం పాత్ర తక్కువేం కాదు. గుజరాత్ 2001లో ‘సమరస్’ పేరుతో ఏకగ్రీవ గ్రామాలకు నగదు ఇవ్వడం మొదలుపెట్టింది. తెలంగాణ 2018–19లో పంచాయతీకి 10 లక్షల రూపాయలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వులో జనాభాను బట్టి మెట్లు పెట్టింది: 2,000 లోపు ఉంటే 5 లక్షలు, 5,000 వరకు 10 లక్షలు, 10,000 వరకు 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు. 2021 జనవరిలో పత్రికల్లో పెద్ద ప్రకటనలు కూడా వచ్చాయి. అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ తమను సంప్రదించకుండా అలా ప్రకటనలు ఇవ్వడంపై సంజాయిషీ అడిగారు.

ఈ డబ్బును ఒకసారి మనిషికి లెక్కగట్టి చూడాలి. 2,000 జనాభా ఉన్న గ్రామానికి 5 లక్షలంటే తలకు 250 రూపాయలు. పాలకవర్గం అయిదేళ్లుంటుంది కనుక ఏడాదికి 50 రూపాయలు. పది వేలు దాటిన ఊరికి 20 లక్షలంటే తలకు ఏడాదికి 40 రూపాయలు కూడా పడదు. మరోవైపు, పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 మధ్య దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటు 2 లక్షల 36 వేల కోట్ల రూపాయలకు పైనే. పోటీ జరిగిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా వచ్చే డబ్బిది. నజరానా కోసం ఊరు వదులుకుంటున్నది ఈ పెద్ద మొత్తం ఎలా ఖర్చవుతుందో గట్టిగా నిలదీసే అవకాశాన్ని. బేరం అంత లాభసాటిగా ఏమీ లేదు.

ఓడిన అభ్యర్థి విలువ

పోటీ లేకపోతే ఓటరు ఎంపిక పోతుందని అందరూ చెబుతారు. అది నిజమే కానీ, చిన్న పంచాయతీ రోజువారీ పనిలో అంతకంటే ఎక్కువ తేడా తెచ్చేది మరొకటుంది. ఓడిపోయిన అభ్యర్థి లేకపోవడం.

శాసనసభలో ప్రతిపక్షానికి నాయకుడు, గది, ప్రశ్నోత్తరాల సమయం ఉంటాయి. గ్రామ పంచాయతీలో అవేవీ లేవు. అక్కడ ప్రతిపక్షం అంటే మొన్న ఓడిపోయిన మనిషీ, అతని వెంట తిరిగిన నలుగురూ. సిమెంటు రోడ్డు మందం ఎంత వేశారో కొలిచేది వారే. గ్రామసభలో జమాఖర్చుల కాగితం చదవమని పట్టుబట్టేదీ, సమాచార హక్కు దరఖాస్తు పెట్టేదీ, మండల ఆఫీసుకు ఫిర్యాదు మోసేదీ ఎక్కువగా వారే. వారి ఉద్దేశం ప్రజాసేవే కానక్కర్లేదు. వచ్చే ఎన్నికలో గెలవాలన్న ఆశ, పాత కక్ష, కులం పట్టింపు ఏదైనా కావచ్చు. ఉద్దేశం ఏదైనా లెక్క మాత్రం బయటికి వస్తుంది. జీతం లేని ఈ ఆడిటర్‌ను ఏకగ్రీవం మొదటి రోజే ఇంటికి పంపేస్తుంది. ఒప్పందంలో భాగంగా అతనికే ఉపసర్పంచ్ పదవో, ఏదైనా కాంట్రాక్టు పనో దక్కితే ఇక మాట్లాడేవారే ఉండరు.

తెలంగాణలో దీనికి ఇంకో ముడి ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ చెక్కుల మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. ఒకరి చేతిని మరొకరు పట్టుకుంటారన్నది ఆలోచన. ఉపసర్పంచ్‌ను వార్డు సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు. పోటీ జరిగిన ఊళ్లో వార్డులు రెండు వర్గాల మధ్య పంచుకుపోయి, రెండో సంతకానికి కొంత అర్థం ఉంటుంది, కొన్నిచోట్ల అది పనులు నిలిచిపోయేంత పేచీ కూడా అవుతుంది. సర్పంచూ వార్డు సభ్యులూ అంతా ఒకే రచ్చబండ మీద ఒకే పూట ఖరారైన ఊళ్లో ఆ రెండు సంతకాలూ ఒకే ఒప్పందానివి.

ఇంకొక నష్టం అంతగా కంటికి ఆనదు. పోలింగ్ జరిగితే ఒక అంకె మిగులుతుంది. 800 ఓట్లలో 420 వచ్చిన సర్పంచ్‌కి 380 మంది తనను వద్దన్నారని తెలుసు. వారు ఏ వార్డు వారో కూడా తెలుసు. అయిదేళ్ల పాటు ఆ అంకె అతని చెవిలో మోగుతూనే ఉంటుంది. ఏకగ్రీవ సర్పంచ్‌కి అలాంటి అంకె లేదు. ఎంతమంది మద్దతుందో అతనికీ తెలియదు, ఊరికీ తెలియదు. వద్దన్నవారు ఒక్కరూ లేరని మాత్రం రికార్డు చెబుతుంది.

పత్రం చేతికొచ్చాక

పోటీ లేకుండా చేయడం ఒక పద్ధతిగా మారితే ఏం జరుగుతుందో ఆంధ్రప్రదేశ్ 2020–21లో చూసింది. మండల, జిల్లా పరిషత్ ఎన్నికలకు 2020 మార్చిలో నామినేషన్లు తీసుకున్నారు. కరోనా వల్ల ప్రక్రియ ఆగిపోయేసరికే 126 జడ్పీటీసీ స్థానాలు, 2,371 ఎంపీటీసీ స్థానాలు ఏకగ్రీవమైపోయాయి. నామినేషన్ పత్రాలు లాక్కున్నారని, దాడులు చేశారని, బలవంతంగా ఉపసంహరింపజేశారని ప్రతిపక్షాలు ఫిర్యాదు చేశాయి. అధికార పక్షం వాటిని కొట్టిపారేసింది. 2021 మార్చి పురపాలక ఎన్నికల్లో పులివెందులలో 33కు 33 వార్డులు, పిడుగురాళ్లలో 33కు 33, మాచర్లలో 31కి 31, పుంగనూరులో 31కి 31 వార్డులు ఒకే పార్టీకి ఏకగ్రీవమయ్యాయి. నాలుగు పట్టణాల్లో ఒక్క పోలింగ్ బూత్ కూడా తెరవలేదు.

ఇది చిన్న గ్రామం ఒక్క మాట మీదకు రావడం లాంటిది కాదు. వేల కుటుంబాలుండే పట్టణంలో, ప్రతి వార్డులోనూ, రెండో మనిషి ఒక్కరూ మిగల్లేదు. ఏ పార్టీ చేసినా, ఏ రాష్ట్రంలో జరిగినా, ఇలాంటి ఫలితం మీద అనుమానం రావడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అనుమానం వేరు, దాన్ని సరిదిద్దే దారి వేరు. ఎన్నికల కమిషన్ 2021 మార్చి మొదట్లో తిరుపతి, పుంగనూరు, రాయచోటి, ఎర్రగుంట్లలోని 14 వార్డుల్లో బలవంతపు ఉపసంహరణ ఫిర్యాదులు విని, మళ్లీ నామినేషన్లు వేసుకోనివ్వాలని ఆదేశించింది. హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. పరిషత్ ఏకగ్రీవాలపై కమిషన్ విచారణ చేపట్టినప్పుడు కూడా, గెలిచినట్టు ఫారం-10 ఇచ్చాక కమిషన్‌కు విచారణ అధికారం ఉండదని, ఎన్నికల ట్రైబ్యునల్‌కే వెళ్లాలని హైకోర్టు తేల్చింది. రాజ్యాంగం 243-ఓ, 243-జడ్‌జీ అధికరణాలు స్థానిక ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప మరోలా ప్రశ్నించరాదని చెబుతున్నాయి. 1952లో నమక్కల్ రిటర్నింగ్ అధికారిపై పొన్నుస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం కూడా ఇదే కోవలోది: మధ్యలో అడ్డుకోవద్దు, అయ్యాక పిటిషన్ వేసుకోండి.

సూత్రంగా ఇందులో తప్పు పట్టలేం. ప్రతి నామినేషన్ తగాదా కోర్టుకెక్కితే ఎన్నికలే జరగవు. కానీ బెదిరించి ఉపసంహరింపజేసిన చోట పిటిషన్ వేయాల్సింది ఎవరు? బెదిరిపోయిన మనిషే. సాక్షులుగా నిలవాల్సింది అదే వీధివారు. సాక్ష్యం ఇవ్వాల్సింది అయిదేళ్ల పాటు తమ పింఛను కాగితం నుంచి ఇంటి పన్ను రశీదు దాకా ఎవరి చేతిలో ఉంటాయో వారికి వ్యతిరేకంగా.

ఆ తర్వాతి కథ ఇంకా విచిత్రం. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక పలు పురపాలికల్లో కౌన్సిలర్లు కొత్త అధికార పక్షం వైపు మళ్లారు, అధ్యక్ష పీఠాలు చేతులు మారాయి. ఏకగ్రీవ పట్టణాల ఓటర్ల సంగతి తీసుకుంటే, వారు ఆ కౌన్సిలర్లు వచ్చేటప్పుడూ ఓటు వేయలేదు, రంగు మార్చేటప్పుడూ వేయలేదు. పార్టీ మారినందుకు జవాబు చెప్పాల్సి వస్తే ఎవరికి చెప్పాలి, ఏ ఓటు పేరు మీద చెప్పాలి?

వేలం పాట

డబ్బుతో కుదిరే ఏకగ్రీవాలు బాహాటంగానే జరుగుతుంటాయి. గుడి కడతాననో, బొడ్రాయి పండుగ ఖర్చు పెట్టుకుంటాననో ఎక్కువ పాడినవారికి సర్పంచ్ పదవి ఖాయం చేసే వేలాల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఎన్నికకూ వస్తాయి. ఊరివారు దీన్ని తప్పుగా చూడకపోవడానికి ఒక కారణముంది. పోలింగ్ అయితే అదే డబ్బు మందుకూ ఓట్ల కొనుగోలుకూ పోతుంది, ఇలాగైతే గుడైనా మిగులుతుంది అంటారు. తీసిపారేయదగ్గ వాదన కాదిది.

చిక్కల్లా పాడుకున్నవారు ఆ డబ్బును ఎలా రాబట్టుకుంటారన్న దగ్గరే. గుడికి 20 లక్షలు ఇచ్చిన మనిషిని మురుగు కాలువ బిల్లు గురించి ఊరు ఎలా అడుగుతుంది? పదవిని అమ్మిన ఊరికి అడిగే నైతిక బలం ముందే సగం పోయింది. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా ఉమ్రాణె గ్రామంలో సర్పంచ్ పదవికి 2 కోట్లకు పైగా వేలం పలికిన వీడియో బయటికొచ్చాక, 2021 జనవరిలో అక్కడి ఎన్నికల కమిషన్ ఉమ్రాణెతో పాటు నందుర్బార్ జిల్లాలోని ఖోండామళిలోనూ ఎన్నికల ప్రక్రియనే రద్దు చేసింది. ధ్రువపత్రం చేతికి రాకముందే ఆపగలిగారు కనుక అది సాధ్యమైంది.

ఎవరి గొంతు నొక్కితే ఒకే గొంతు

రిజర్వుడు స్థానాల్లో ఏకగ్రీవం మరో ముఖం చూపిస్తుంది. తమిళనాడులో మదురై ప్రాంతపు పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలను 1996లో దళితులకు రిజర్వు చేస్తే, ఆధిపత్య కులాలవారు దాదాపు పదేళ్లు అక్కడ పంచాయతీ నడవనివ్వలేదు. నామినేషన్లు వేయనీయలేదు, వేసినా తమ మాట వినేవారిని గెలిపించి వెంటనే రాజీనామా చేయించారు. 2006లో గానీ అక్కడ సరైన ఎన్నిక జరగలేదు. అదే జిల్లా మేలవళవులో దళిత అధ్యక్షుడు మురుగేశన్‌ను 1997లో హత్య చేశారు.

తెలుగు పల్లెల్లో అంత దారుణంగా జరగకపోయినా, ఎస్సీ లేదా మహిళా రిజర్వేషన్ వచ్చిన ఏడాది పెద్దలు ‘మనకు అనుకూలమైన మనిషి’ని వెతికి నిలబెట్టడం, ఆ మనిషి పేరు మీద మరొకరు పంచాయతీ నడపడం చాలామందికి తెలిసిన సంగతే. ఒక్క పేరే నిలిచినప్పుడు ఆ పేరును ఎవరు ఎంచారన్నదే అసలు ప్రశ్న. దక్షిణ బస్తర్‌లో ఇది భయం రూపంలో కనిపించింది. మావోయిస్టుల బహిష్కరణ పిలుపుల వల్ల ఎన్నో పదవులు ఖాళీగానో, పోటీ లేకుండానో ఉండిపోయాయి. ఎన్నికైనవారు కూడా ఊరొదిలి పట్టణాల్లో తలదాచుకున్న సందర్భాలున్నాయి.

నిజంగా కుదిరిన చోట

ఏకగ్రీవాన్ని సమర్థించేవారికి బలమైన ఉదాహరణ ఉంది. వరంగల్ ప్రాంతపు గంగదేవిపల్లి. 1990ల మధ్యలో కొత్తగా పంచాయతీ అయిన ఈ చిన్న ఊరు మహిళలతో నిండిన పాలకవర్గాన్ని పోటీ లేకుండా ఎన్నుకుంది. తర్వాత తాగునీరు, పారిశుద్ధ్యం, మద్యనిషేధం విషయాల్లో దేశమంతా వచ్చి చూసిపోయే గ్రామమైంది. ముఠా తగాదాలతో రక్తం చూసిన ఊళ్లకు పోటీ లేని అయిదేళ్లు ఎంత ఊరటో కూడా కాదనలేం.

అయితే గంగదేవిపల్లిని నిలబెట్టింది ఏకగ్రీవం ఒక్కటే కాదు. నీళ్లకొక కమిటీ, పొదుపుకొక కమిటీ, చదువుకొక కమిటీ అంటూ ఊరి కుటుంబాలు ఏదో ఒక కమిటీలో ఉండేలా పని పంచుకున్నారు. లెక్కలు జనం ముందు చెప్పుకున్నారు. అంటే పోటీ చేయాల్సిన కాపలా పనిని మరో ఏర్పాటు చేసింది. నజరానాలు ఇచ్చే ఉత్తర్వుల్లో ఏ ప్రభుత్వమూ ఈ రెండో సగాన్ని షరతుగా పెట్టలేదు.

పోటీ లేకపోవడం ఇక్కడి జబ్బే అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్ పారిష్ కౌన్సిళ్లలో సీట్ల కంటే అభ్యర్థులు తక్కువై, మిగిలిన స్థానాలను సభ్యులే నింపుకోవడం మామూలు. జపాన్‌లో 2023 స్థానిక ఎన్నికల్లో పట్టణ, గ్రామ సభల స్థానాల్లో సుమారు 30 శాతం పోటీ లేకుండానే నిండాయి. కొచి రాష్ట్రంలో 400 మంది జనాభా ఉన్న ఒకావా గ్రామం 2017లో, మనుషులు దొరకడం లేదు కనుక సభను రద్దు చేసి ఓటర్లందరితో కలిపి సమావేశం పెట్టుకుందామా అని కూడా ఆలోచించింది. మన గ్రామసభ లాంటిదే అది. అక్కడ కొరత ముసలితనం వల్ల, వలసల వల్ల వచ్చింది. మన దగ్గర అభ్యర్థుల కొరత లేదు, వారిని తగ్గించే ఏర్పాటు ఉంది.

ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ

భిలాయ్‌కి దక్షిణంగా, అప్పటి దుర్గ్ జిల్లాలోనే ఉన్న గుండర్‌దేహి చిన్న నగర పంచాయతీ. 2008 జూన్‌లో అక్కడి ఓటర్లు తమ అధ్యక్షుణ్ణి పదవిలోంచి దించేశారు. అదే సమయంలో నవాగఢ్, రాజ్‌పూర్‌లలో కూడా అలాగే జరిగింది. మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చిన 1961 పురపాలికల చట్టంలోని 47వ సెక్షన్ ఇచ్చిన అధికారమిది. మధ్యప్రదేశ్‌లో 2001లోనే అనూప్‌పూర్ ఓటర్లు దీన్ని మొదటిసారి వాడారు. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు, పార్టీ గుర్తు ఉండవు. రెండు కుర్చీల బొమ్మలుంటాయి. ఒకటి ఖాళీది, ఒకటి నిండుది. ఖాళీ కుర్చీకి ఎక్కువ ఓట్లు పడితే అధ్యక్షుడు దిగిపోవాలి.

ఒక్క మనిషి మీద ‘ఉంచాలా, వద్దా’ అని అడిగే బ్యాలెట్ మన దేశంలో అసాధ్యమేమీ కాదని ఈ కుర్చీలు చూపిస్తున్నాయి. ఏకగ్రీవానికి అవసరమైన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. కానీ 47వ సెక్షన్‌ను ఓటరు తనంతట మొదలుపెట్టలేడు. ఎన్నికైన కౌన్సిలర్లలో నాలుగింట మూడు వంతుల మంది సంతకం చేయాలి, కలెక్టర్ సరిచూడాలి, ఆ తర్వాతే జనం దగ్గరికి వస్తుంది. కౌన్సిలంతా ఒకే ఒప్పందంతో ఏర్పడిన చోట ఆ సంతకాలు పడవు. పడినా అవి జనం అసంతృప్తివా, కౌన్సిలర్ల వాటా తగాదావా అన్నది వేరే సంగతి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాత్రం కూడా లేదు. ఉపసర్పంచ్, మండల అధ్యక్షుల మీద సభ్యులు అవిశ్వాసం పెట్టవచ్చు. నేరుగా ఎన్నికైన సర్పంచ్‌ను తొలగించే అధికారం మాత్రం కలెక్టర్, ప్రభుత్వాల చేతిలో ఉంది. 1994 ఆంధ్రప్రదేశ్ చట్టంలోని 249వ సెక్షన్, 2018 తెలంగాణ చట్టంలోని నిబంధన అందుకే. అంటే సర్పంచ్ భయపడాల్సింది కిందికి చూసి కాదు, పైకి చూసి. పై ప్రభుత్వంతో పేచీ లేనంత వరకు నిశ్చింత.

మిగిలింది గ్రామసభ. తెలంగాణ చట్టం రెండు నెలలకోసారి జరపాలంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీకి ప్రత్యేక సంస్థ పెట్టినప్పుడు, బయటి నుంచి వచ్చిన తనిఖీ బృందం మస్టర్ రోళ్లు చదివి వినిపిస్తే ఊరివారు లేచి మాట్లాడటం చూశాం. చదివేవారు బయటివారు కావడం అక్కడ కీలకం. ఏకగ్రీవ పంచాయతీలకు ఏటా అలాంటి తనిఖీ తప్పనిసరి చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. నజరానా డబ్బులోంచే జరిపించవచ్చు.

నోటాకు ఓ అవకాశం

2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. హర్యానా, మహారాష్ట్ర ఎన్నికల కమిషన్లు 2018 నవంబర్‌లో స్థానిక ఎన్నికలకు ఒక అడుగు ముందుకేసి, నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక అన్నాయి. అయితే ఒక్కరే అభ్యర్థి అయితే పోలింగే ఉండదు కనుక నోటా కూడా ఉండదు. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానం అలా ఏకగ్రీవమయ్యాక ఈ ప్రశ్న దేశమంతా వినిపించింది. 53వ సెక్షన్‌ను సవాలు చేస్తూ విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ వేసిన పిటిషన్ విచారణలో, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక్కరే నిలిచినా కనీస శాతం ఓట్లు రావాలన్న నిబంధన ఎందుకు పెట్టకూడదని కేంద్రాన్ని అడిగింది. తెలంగాణ ఎన్నికల సంఘం కూడా 2025 ఆరంభంలో పంచాయతీల్లో ఒక్కరే అభ్యర్థి ఉన్నప్పుడు నోటాతో పోలింగ్ పెట్టడం గురించి పార్టీలతో చర్చించింది. డిసెంబర్ ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగిపోయాయి.

పోలింగ్ పెట్టినంత మాత్రాన అంతా చక్కబడుతుందనీ కాదు. ఏకగ్రీవాలకు పేరుపడ్డ పులివెందుల జడ్పీటీసీ స్థానానికి 2025 ఆగస్టులో ఉప ఎన్నిక వచ్చి పోలింగ్ జరిగింది. తెలుగుదేశం అభ్యర్థికి 6,716 ఓట్లు, వైఎస్సార్‌సీపీ అభ్యర్థికి 683 వచ్చాయి. ఓటు వేసే స్వేచ్ఛ ఇన్నేళ్లకు వచ్చిందని గెలిచినవారు, ఓటర్లను బూత్‌కే రానీయలేదని ఓడినవారు అన్నారు. నాలుగేళ్ల కిందట ఏకగ్రీవాల మీద వినిపించిన ఆరోపణలే పక్షాలు మారి వినిపించాయి. కాకపోతే ఈసారి చేతిలో అంకెలున్నాయి, బూత్‌ల వారీ లెక్కలున్నాయి, రెండు బూత్‌లలో జరిగిన రీపోలింగ్ ఉంది. వాదించుకోవడానికి కాగితం ఉంది.

సెక్టర్ 7 చిక్కు మళ్లీ వేరు. రాజ్యాంగం 243-క్యూ అధికరణం పారిశ్రామిక పట్టణాలకు ఎన్నికైన పురపాలిక లేకుండా ఉండే వెసులుబాటు ఇచ్చింది. జంషెడ్‌పూర్‌ను 2023లో ఝార్ఖండ్ ప్రభుత్వం ఆ దారిలోకే తెచ్చింది. భిలాయ్‌లో 1998లో నగర పాలక సంస్థ ఏర్పడి, టౌన్‌షిప్ సెక్టర్లకు ఓటు దక్కింది. 2021 డిసెంబర్‌లో 70 వార్డులకు ఎన్నికలు జరిగాయి. అప్పటి నిబంధన ప్రకారం మేయర్‌ను కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ చట్టం మార్చుకుని, 2025 ఫిబ్రవరి ఎన్నికల నుంచి మేయర్లను, అధ్యక్షులను మళ్లీ జనం చేతే ఎన్నుకునేలా చేసింది. ఆ ఎన్నికల్లో బస్నా నగర పంచాయతీ అధ్యక్ష పదవి పోటీ లేకుండానే నిండింది. జనానికి తిరిగి ఇచ్చిన ఓటు బస్నాలో మొదటిసారే వాడకుండా మిగిలిపోయింది. భిలాయ్‌లో కౌన్సిల్ గడువు ఇంకా ఉండటంతో 2025లో ఎన్నిక జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఏర్పడిన పంచాయతీలకు, పురపాలికలకు అయిదేళ్లు 2026 మార్చి, ఏప్రిల్ నెలలతో నిండుతాయి. మాచర్ల, పిడుగురాళ్ల, పుంగనూరు, పులివెందుల పట్టణాల్లో 2021లో కొత్తగా ఓటు హక్కు వచ్చినవారు పురపాలక ఎన్నికలో మొదటిసారి ఓటు వేసేది ఆ తర్వాతే.